పెట్టె అడిగే పనిముట్లు

స్పీకర్ పెట్టె సొంతంగా చేసుకుందామని కూర్చున్నవాళ్లు మొదట అడిగేది పాట గురించి కాదు, రంపం గురించి. జిగ్‌సా కొనాలా, సర్క్యులర్ సా కొనాలా, లేకపోతే రౌటరా? (మా వృత్తిలో రౌటర్ అంటే వేరే డబ్బా. ఇక్కడ మాత్రం చెక్కని తొలిచే యంత్రం.) జవాబు చెప్పేవాళ్లు వాట్లు చెప్తారు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్తారు, బ్రాండ్ల పేర్లు చెప్తారు. అవన్నీ అవసరమే. కానీ ముందు దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోవడానికి అవి సరిపోవు. అసలు పెట్టెకి ఏం కావాలో తెలియాలి. అందుకు ఆ పెట్టె ఎట్లా పుట్టిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

నాకు అర్థమైనంతలో స్పీకర్ పెట్టె మూడు విడతల్లో పుట్టింది. మొదట అది చెక్కకి పెట్టిన ఒక గుండ్రటి రంధ్రం. తర్వాత కొలిచి మూసిన గాలి. ఆ తర్వాత గోడలూ అంచులూ ఉన్న ఒక వస్తువు. ఒక్కో విడత ఒక్కో రకం పనిముట్టుని అడిగింది. ఆ పనిముట్లు కూడా దాదాపు అదే కాలంలో ఫ్యాక్టరీల నుంచి ఇళ్లలోకి నడుచుకుంటూ వచ్చాయి.

రంధ్రం

1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఒక పరిశోధన పత్రం చదివారు. అప్పటిదాకా శబ్దాన్ని పెంచాలంటే బాకాలాంటి కొమ్ము కావాలి. వీళ్లు కొమ్ము తీసేశారు. అయస్కాంతం మధ్యలో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. ఆ శంకువు ముందుకీ వెనక్కీ కదిలితే గాలి కదులుతుంది, మనకి వినిపిస్తుంది. ఇవాళ మన ఫోన్ల దగ్గర్నుంచి సినిమా హాళ్ల దాకా వాడే స్పీకర్లలో చాలావాటికి మూలం అదే. ఈ భాగాన్నే డ్రైవర్ అంటారు.

దీనికో చిక్కుంది. శంకువు ముందుకి నెట్టినప్పుడు ముందువైపు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకవైపు గాలి పలచబడుతుంది. మంద్ర స్వరాల దగ్గర ఈ రెండూ అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. డ్రైవర్‌ని చేత్తో పట్టుకుని పాట పెడితే గొంతు కీచుగా వినిపిస్తుంది, మృదంగం మాయమైపోతుంది. ముందు గాలినీ వెనక గాలినీ విడదీయాలి. అందుకు అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఒక వెడల్పాటి పలకకి రంధ్రం పెట్టి డ్రైవర్‌ని అందులో బిగించడం. 50 హెర్ట్జ్ స్వరానికి తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అంటే పలక చాలా పెద్దది కావాలి. అందుకే తర్వాతి రోజుల్లో కొందరు హాలుకీ పక్క గదికీ మధ్య గోడకీ, బట్టల అల్మారా తలుపులకీ కూడా రంధ్రాలు పెట్టుకున్నారు.

ఈ విడతలో పని అంతా ఆ ఒక్క రంధ్రమే. చేతి పనిముట్లతో అదెట్లా చేసేవాళ్లంటే, గీసిన వృత్తం లోపలివైపు బరమాతో వరసగా చిల్లులు పెట్టి, సన్న రంపంతో వాటిని కలిపి, మిగిలిన పళ్లని ఆకురాయితో అరగదీసేవాళ్లు. ఒక సాయంత్రం పని. కరెంటు డ్రిల్లు అప్పటికే ఉంది. 1895లో స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకునే ఎలక్ట్రిక్ డ్రిల్లు చేసింది. 1917లో బాల్టిమోర్‌కి చెందిన బ్లాక్ అండ్ డెకర్, తుపాకీ పిడి లాంటి పట్టు, వేలితో నొక్కే మీట ఉన్న డ్రిల్లుకి పేటెంటు తీసుకుంది. కానీ అవి ఫ్యాక్టరీ సరుకు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కార్మికులు ఫ్యాక్టరీల నుంచి డ్రిల్లులు ఇళ్లకి పట్టుకుపోతున్నారని ఆ కంపెనీవాళ్లు గమనించారనీ, దొంగతనంలో వాళ్లకి మార్కెట్ కనిపించిందనీ ఒక కథ చెప్తారు. కథ ఎట్లా ఉన్నా, 1946లో ఇంటివాడి కోసమే చవక డ్రిల్లు బజారులోకి వచ్చింది.

అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఇంజనీరు భార్య కుట్టుమిషన్‌లో సూది తీసి రంపపు బ్లేడు పెట్టి చూశాడంటారు. అది పైకీ కిందకీ ఆడుతూ వంకరగీతల్ని కూడా కోసింది. జిగ్‌సా అట్లా పుట్టింది. స్పీకర్ చేసుకునేవాడికి ఇది వరం లాంటిది. ఒక చిల్లు పెట్టి అందులో బ్లేడు దించితే గుండ్రంగా తిరిగొస్తుంది.

అయితే జిగ్‌సా బ్లేడుకి ఒకవైపే ఆధారం. కింద కొస వదిలేసి ఉంటుంది. మందపాటి చెక్కలో మలుపు తిరిగేటప్పుడు కింద కొస పక్కకి వంగుతుంది. పైన వృత్తం చక్కగా ఉంటుంది, కింద కోడిగుడ్డు అవుతుంది. ఆ రోజుల్లో డ్రైవర్లని చాలావరకు పలక వెనకనుంచి బిగించి, ముందు గుడ్డ కప్పేసేవాళ్లు కాబట్టి ఈ వంకర ఎవరికీ కనిపించేది కాదు.

గాలి

గోడంత పలక ఎవరింట్లో పడుతుంది? సహజంగానే ఆ పలకని మడిచి పెట్టె చేశారు. కానీ పెట్టె మూసిన క్షణంలోనే లోపలి గాలి కూడా వాయిద్యంలో భాగమైపోతుంది. ఈ సంగతిని మొదట తెలివిగా వాడుకున్నవాళ్లలో బెల్ లాబ్స్‌కి చెందిన ఆల్బర్ట్ తురాస్ ఒకడు. 1930లో దరఖాస్తు పెట్టి 1932లో పేటెంటు పొందాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్యిమంటుంది కదా, పెట్టెకి రెండో రంధ్రం పెట్టి అదే పని చేయించాడు. డ్రైవర్ వెనక వృథాగా పోతున్న శబ్దం ఆ రంధ్రంలోంచి బయటికొచ్చి మంద్రాన్ని బలపరుస్తుంది. దీన్నే బాస్ రిఫ్లెక్స్ అంటారు.

మరో దారి 1954లో ఎడ్గార్ విల్చర్ చూపించాడు. రంధ్రాలేవీ లేకుండా చిన్న పెట్టెని గట్టిగా మూసేశాడు. లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. శంకువు అంచుకి కావలసిన మెత్తటి చుట్టు కోసం ఆయన భార్య రోజ్‌మేరీ పరుపుగుడ్డని కత్తిరించి నమూనా తయారుచేసింది. హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకూస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, ఏఆర్-1 పేరుతో అమ్మారు. బీరువా అంత పెట్టె ఇవ్వాల్సిన మంద్రం పుస్తకాల అరలో పట్టే పెట్టె ఇచ్చింది. కుట్టుమిషనూ పరుపుగుడ్డా రెండూ ఈ చరిత్రలోకి ఇంటి ఆడవాళ్ల వైపు నుంచే వచ్చాయన్నది నేను మర్చిపోలేని సంగతి.

ఇక లెక్క తేలింది ఆస్ట్రేలియాలో. 1961లో నెవిల్ థీల్ రంధ్రమున్న పెట్టెల మీద ఒక పత్రం రాశాడు. డ్రైవర్ గుణాల్ని కొన్ని సంఖ్యలుగా కొలిస్తే, దానికి ఎంత పెట్టె కావాలో, గొట్టం ఎంత పొడవుండాలో ముందే లెక్కగట్టొచ్చన్నాడు. పదేళ్లపాటు బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1971లో అమెరికాలో ఆడియో ఇంజనీర్ల పత్రిక దాన్ని మళ్లీ వేసింది. ఆ వెంటనే సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1972, 73ల్లో వరసగా పత్రాలు రాసి ఈ సిద్ధాంతాన్ని పూర్తిచేశాడు. ఇవాళ ఏ డ్రైవర్ కొన్నా దాంతోపాటు వచ్చే కాగితం మీద థీల్-స్మాల్ పారామీటర్లని ఒక పట్టిక ఉంటుంది. అంతకుముందు పెట్టె చేయడం వంట లాంటిది, రుచి చూసి ఉప్పేసుకోవడం. తర్వాత నాలాంటివాడు కూడా లాప్‌టాప్ ముందు కూర్చుని చేయగలిగిన పని అయింది.

మరి లెక్క ఇంత కచ్చితమైతే కోత కూడా అంత కచ్చితంగా ఉండాలా? ఇక్కడే ఒక లెక్క వేసి చూడండి. లోపలి కొలతలు 20, 25, 40 సెంటీమీటర్లయితే పెట్టె 20 లీటర్లు. 20 సెంటీమీటర్ల కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఘనపరిమాణం మారేది అర శాతం. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు డ్రైవర్ల మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా ఉండొచ్చు. చెవికి ఆ మిల్లీమీటరు తెలియదు. కానీ ఎదురెదురు పలకలు రెండిటి మధ్య అదే మిల్లీమీటరు తేడా ఉంటే మూల కలవదు, సందు మిగులుతుంది. విల్చర్ మూసిన గాలి ఆ సందులోంచి బుస్సుమంటుంది. అంటే పెట్టె కోరేది కొలత కన్నా జత. కుడి పలకా ఎడమ పలకా 399 మిల్లీమీటర్లున్నా పరవాలేదు, రెండూ 399 ఉండాలి. అంచు తిన్నగా, లంబంగా ఉండాలి.

అందుకే ఈ విడత అడిగేది ఒకసారి అమర్చితే అదే కోత మళ్లీ మళ్లీ ఇచ్చే రంపాన్ని. చేత్తో పట్టే సర్క్యులర్ సా పుట్టుక కథ మన చెరకుతోటల్లోదే అనిపిస్తుంది, జరిగింది మాత్రం అమెరికాలో. న్యూ ఆర్లియన్స్‌కి చెందిన ఎడ్మండ్ మిషెల్ చెరకు నరికే కూలీల్ని చూసి, కత్తికి మోటారు బిగిస్తే ఎట్లా ఉంటుందని ఆలోచించాడు. 1924లో జోసెఫ్ సలివాన్‌తో కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత స్కిల్‌సా అయింది. బల్లకి బిగించిన రంపం దగ్గరికి చెక్కని మోసుకెళ్లాల్సిన పని తప్పింది, రంపమే చెక్క దగ్గరికి వచ్చింది. 8 అడుగులు 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ పలక 40 కిలోల దాకా తూగుతుంది. ఒంటరిగా పని చేసేవాడికి ఇది చిన్న విషయం కాదు. ఒక తిన్నని అల్యూమినియం పట్టీని పలకకి క్లాంపులతో బిగించి, దాని వెంట రంపాన్ని నడిపిస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది.

గోడ

గాలి లెక్క తేలాక మిగిలింది పెట్టె గోడ. డ్రైవర్ గాలిని నెడితే గాలి గోడని నెడుతుంది, గోడ కూడా తన పాట తాను పాడుతుంది. యార్క్‌షైర్‌లో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇసక నింపి దాని నోరు మూయించాడు. 1948లో ఆయన రాసిన స్పీకర్ల పుస్తకం మామూలు పాఠకులకి అర్థమయ్యే సరదా ఇంగ్లీషులో ఉండి చాలామందిని ఈ పనిలోకి దింపింది. బీబీసీ ఇంజనీర్లు దీనికి విరుద్ధంగా వెళ్లారు. 1970ల్లో బయటి ప్రసారాల వ్యాన్లలో పెట్టుకోవడానికి వాళ్లు రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్‌కి పలచటి బర్చ్ ప్లైవుడ్ వాడి, లోపల తారు లాంటి మెత్తటి పలకలు అతికించారు. గోడని మందం చేస్తే దాని మోత మన చెవికి ఎక్కువ తెలిసే స్వరాల్లోకి జరుగుతుందనీ, పలచగా ఉంచి మోతని పీల్చేస్తే మేలనీ వాళ్ల వాదన. ఇసకవాళ్లకీ తారువాళ్లకీ తగవు ఇప్పటికీ తీరలేదు.

మూడో సంగతి అంచులు. ఆర్‌సీఏ సంస్థలో పనిచేసిన హ్యారీ ఓల్సన్ 1951లో గోళం, ఘనం, స్తూపం ఇట్లా రకరకాల ఆకారాల పెట్టెల్లో ఒకే రకం డ్రైవర్ పెట్టి కొలిచాడు. గోళం అన్నిటికన్నా నున్నగా పలికింది. పదునైన మూలలున్నవాటిలో శబ్దం అంచు దగ్గర విరిగి, గ్రాఫు ఎగుడుదిగుడుగా వచ్చింది. ఇంట్లో గోళం ఎవరు చేయగలరు? ముందు పలక అంచుల్ని గుండ్రంగా చేయగలం. డ్రైవర్ చట్రం పలక పైకి పొడుచుకురాకుండా దానికి సరిపడా మెట్టు తొలిచి, పలకతో సమంగా కూర్చోబెట్టగలం.

ఈ రెండు పనులూ రౌటర్‌వే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సిరక్యూజ్ నగరంలో ఆర్. ఎల్. కార్టర్ దీన్ని తయారుచేశాడు. 1929లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. వేగంగా తిరిగే మోటారు, కింద చిన్న కత్తి, అంతే యంత్రం. దీని అసలు బలం వృత్తం దగ్గర తెలుస్తుంది. డ్రైవర్ కేంద్రం దగ్గర ఒక మేకు, దానికీ రౌటర్‌కీ మధ్య ఒక చెక్కపట్టీ, స్కూల్లో వాడిన కంపాస్ లాగే. జిగ్‌సా వృత్తాన్ని చేతి నేర్పుతో కోస్తుంది, రౌటర్ జ్యామితితో కోస్తుంది. అడుగున కోడిగుడ్డు అవ్వదు. ముందు బయటి వృత్తం మెట్టు లోతు వరకు, తర్వాత లోపలి వృత్తం ఆరపార. ఈ వరస తప్పితే మేకుకి ఆధారమే ఉండదు, మధ్య ముక్క ఊడిపోతుంది కాబట్టి.

1960ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన ఎమ్‌డీఎఫ్ తయారీ రౌటర్‌కి సరిజోడు అయింది. నార లేదు, ముడి లేదు, ఎటు తిప్పినా ఒకే తీరున తెగుతుంది. ధర మాత్రం ఊపిరితిత్తులు చెల్లించాలి. చెక్కపొడినీ, ఎమ్‌డీఎఫ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌నీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. పనిముట్ల జాబితాలో మంచి మాస్కు, కళ్లద్దాలు, పొడి లాగే వాక్యూమ్ చివర్న కాదు, మొదట రాసుకోవాలి.

ఇక్కడ

అమెరికాలో ఈ యంత్రాలు గ్యారేజీల్లోకి వచ్చిన కారణం తేలిగ్గా కనిపిస్తుంది. యుద్ధం అయ్యాక సొంతిళ్లు పెరిగాయి, కూలి పెరిగింది, వడ్రంగిని పిలవడం కన్నా డ్రిల్లు కొనడం చవకైంది. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్‌లో రౌటరూ సర్క్యులర్ సా కొనే డబ్బుతో ఒక వడ్రంగి వచ్చి రెండు పెట్టెలూ చేసిపెట్టి వెళ్తాడు. అందుకని సొంతంగా చేసుకోవడం ఇక్కడ పొదుపు అని చెప్తే నేను నమ్మను.

పైగా వడ్రంగం మన దగ్గర ఉత్త వృత్తి కాదు, కులం. ఒకరి బతుకు ఇంకొకరి ఆదివారం సరదా అవుతోందన్న ఇబ్బంది ఈ యంత్రాల మోతలో వినిపించకుండా పోదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో వర్క్‌షాప్ అని ఒకటి ఉండేది. రెండు చెక్కముక్కల్ని సగం సగం తొలిచి జోడించాలి. మా కాలేజీలో చాలామంది ముక్కలు అక్కడి సహాయకుడే పూర్తిచేసేవాడు, మార్కులు మాకు పడేవి. లెక్క వేసేవాడూ కోసేవాడూ వేరువేరు మనుషులన్న పాఠం మాకు అక్కడ బాగానే వంటబట్టింది.

కానీ స్పీకర్ పెట్టె చరిత్ర ఆ పాఠాన్ని ఒప్పుకోదు. బ్రిగ్స్ ఇసక నింపాడు. పాల్ క్లిప్ష్ అర్కాన్సాలోని హోప్ అనే చిన్న ఊళ్లో రేకుల షెడ్డులో తన మడత కొమ్ముల స్పీకర్లు కట్టాడు. చెక్కని ముట్టుకున్నవాళ్లకే పెట్టె తన రహస్యం కొంచెం కొంచెంగా చెప్పింది.

మన వడ్రంగి దగ్గర ఉన్న తెలివిని కూడా యంత్రాల కేటలాగులో వెతకలేం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని రాసి ఉన్న పలక నిజంగా కొలిస్తే తరచూ 18 ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మకి ఆ సంగతి తెలియదు. వడ్రంగి టేపు పక్కన పెట్టి, నాలుగు పలకలు జోడించాక అయిదో పలకని దాని మీదే ఆనించి పెన్సిల్ గీత గీస్తాడు. ఇది లెక్క రాకపోవడం కాదు. సంఖ్య కన్నా వస్తువు నిజమని తెలిసినవాడి పద్ధతి. అదే మనిషి ప్లైవుడ్ కోయడానికి రాయి కోసే మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు బిగించి వాడుతుంటాడు. అది ఆ పనికి చేసిన యంత్రం కాదు, ఎగిరి తంతుంది, వేళ్లు పోతాయి. చవగ్గా దొరుకుతుంది, జేబులో బరువు ఉండదు కాబట్టి వాడతాడు. పనిముట్టు ఎంచుకునే స్వేచ్ఛ నాకున్నంత ఆయనకి లేదు.

ఇన్ని ఆలోచించాక నా జవాబు ఇది. రంపం ముందు కొనొద్దు. ప్లైవుడ్ కొట్లకి దగ్గర్లోనో, మాడ్యులర్ ఫర్నిచర్ షెడ్లలోనో పెద్ద ప్యానెల్ సా ఉంటుంది. కొలతల కాగితం ఇస్తే జతలు జతలుగా, ఇంట్లో ఏ రంపం ఇవ్వలేనంత తిన్నగా కోసిస్తారు. డబ్బు ముందు డ్రిల్లుకీ, ఆ తర్వాత రౌటర్‌కీ పెట్టండి. పెద్ద రౌటర్‌కి చాలకపోతే, వడ్రంగులు మైకా అంచులు సరిచేయడానికి వాడే చిన్న ట్రిమ్మరైనా చాలు, వృత్తాన్ని మూడు నాలుగు విడతలుగా కొంచెం కొంచెం లోతు దించుకుంటూ తొలుస్తుంది. మిగిలిన డబ్బంతా క్లాంపులకే, ఎన్నున్నా ఇంకో రెండు తక్కువే అవుతాయి. మూలలకి ఫెవికాల్ ధారాళంగా రాసి, బిగించి, రాత్రంతా వదిలేయండి. గాలిని మూసేది చివరికి ఆ జిగురే. తిన్నని కోతని ఎవరు కోసినా ఒకటే. రంధ్రం మాత్రం మీ డ్రైవర్‌ది, దాని కొలత లోకంలో ఇంకో పెట్టెకి సరిపోకపోవచ్చు. అందుకే అది మీ చేత్తో జరగాలి.

ఒక్క మాట మిగిలింది. పైన రాసిన పేర్లన్నీ ఒకసారి చూడండి. లెక్క కట్టినవాళ్లు, పేటెంటు తీసుకున్నవాళ్లు, కంపెనీ పెట్టినవాళ్లు. థీల్, స్మాల్ పేర్లు ప్రతి డ్రైవర్ డబ్బాలోనూ ఉంటాయి, ఉండాల్సిందే. ఏఆర్-1 పలకల్ని కోసినవాళ్లెవరో, బీబీసీ పెట్టెల మూలలు కలిపినవాళ్లెవరో ఏ చరిత్రా నాకు చెప్పలేదు. పెట్టె మూసే ముందు లోపలి గోడ మీద పెన్సిల్‌తో తేదీ, లీటర్లు రాసిపెట్టుకోవడం ఈ పనిలో చాలామందికి అలవాటు. నేను పలకలు కోసిచ్చిన మనిషిని అడిగి ఆయన పేరు కూడా రాస్తాను. మూత బిగించాక అది ఎవరికీ కనిపించదు, నిజమే. ఎప్పుడైనా డ్రైవర్ పాడై విప్పినవాళ్లకి మాత్రం కనిపిస్తుంది.